సెగ్యూర్ పై వ్యాసానికి ఒక చేర్పు

ఫ్రెంచి సేనాని, చరిత్రకారుడు ఫిలిప్ పాల్ ద సెగ్యూర్ పై మీ వ్యాసంలో సైనిక జీవితానికి దక్కినంత చోటు ఆయన రచనలకు దక్కలేదనిపించింది. 1808లో స్పెయిన్‌లోని సోమోసియెర్రా కనుమలో పోలిష్ అశ్వికులతో కలిసి దాడికి దూకి తీవ్రంగా గాయపడిన ఈ అధికారి, 1812 నాటి రష్యా దండయాత్రలో నెపోలియన్ పరివారంలో ఉండి, చూసినదాన్ని 1824లో గ్రంథంగా వెలువరించారు. మాస్కో తగలబడుతున్న రాత్రి క్రెమ్లిన్‌లో చక్రవర్తి ఒకచోట నిలవలేక గది నుంచి గదికి తిరగడం, చివరకు మాస్క్వా నది వైపు తెరుచుకునే చిన్న దిడ్డివాకిలి గుండా అందరూ బయటపడటం ఆయన వర్ణించిన తీరు చదివితే పొగ మన కళ్ళకే తగులుతున్నట్టుంటుంది.

అయితే ఆ పుస్తకంలోని నెపోలియన్ అనారోగ్యంతో, సందిగ్ధంతో సతమతమయ్యే మనిషి. అదే దండయాత్రలో పాల్గొని, తరువాత ప్రవాస ద్వీపమైన సెంట్ హెలీనా దాకా చక్రవర్తి వెంట వెళ్ళిన అధికారి గూర్గో దీన్ని సహించలేక 1825లో ఒక ఖండన గ్రంథమే రాశారు. మాట మాట పెరిగి వ్యవహారం ద్వంద్వయుద్ధానికి దారితీయగా అందులో సెగ్యూర్ గాయపడ్డారు. (చరిత్ర రచనపై విమర్శకు ఇంతకంటే పదునైన రూపం ఉండదేమో!) బస ఏర్పాట్లు చూసే సెగ్యూర్ లాంటి అధికారికి యుద్ధ రహస్యాలు ఎలా తెలుస్తాయన్న గూర్గో ప్రశ్నలో కొంత న్యాయం లేకపోలేదు. నాటకీయత కోసం సెగ్యూర్ సంభాషణలకు మెరుగులు దిద్దారనే నా అభిప్రాయం కూడా. అయినా, సైన్యం చలికీ ఆకలికీ కరిగిపోయిన వైనానికి ఆయన సాక్ష్యం విలువైనదే. 1830లో ఫ్రెంచి అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకున్న విషయాన్ని కూడా వ్యాసంలో చేర్చగలరు.