కృపకు హాజరు పట్టీ

మా సంఘంలో ఈ జనవరి నుంచి దేవుని కృపను పద్ధతి ప్రకారం లెక్కగట్టడం మొదలుపెట్టారు. ‘ఉచిత కృప’ అనే మా వాట్సాప్ గ్రూపులో ఒక చార్టు వెలిసింది. బైబిల్ పఠనం, ఉదయ ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూటం, దశమభాగం అనే పదోవంతు కానుక... ఒక్కోదానికి ఒక్కో గడి. చేసినవాళ్లు టిక్కు పెట్టాలి. పెట్టనివాళ్ల పేర్లు శనివారం సాయంత్రం ‘ప్రార్థన అవసరమైనవారు’ అనే జాబితాలో వస్తాయి. ఎంత ప్రేమో చూడండి.

బైబిల్లో 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం అయిదు చదివితే ఏడాదికి పూర్తవుతాయి. అయితే 119వ కీర్తనలో 176 వచనాలుంటే 117వ కీర్తనలో రెండే. చార్టులో రెంటికీ ఒకటే టిక్కు! ఈ మర్మం మా యువజనులకు ఎవరూ చెప్పకుండానే బయలుపడింది. రాత్రి 11.55కి టిక్కుల వాన కురుస్తుంది. చర్మం మీద మచ్చల్ని యాజకుడు ఎలా పరీక్షించాలో చెప్పే లేవీయకాండం 13వ అధ్యాయాన్ని రెండు నిమిషాల్లో ముగించి, ‘ఎంతో ఆదరణ పొందాను బ్రదర్’ అని రాసినవాళ్లున్నారు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మొదటి బహుమతి ఇస్తారట. నన్నడిగితే పోటీ అనవసరం, లూకా సువార్త 18లో యేసు చెప్పిన కథలోని పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని తు.చ. తప్పకుండా పాటించే భక్తుడు, ఉండనే ఉన్నాడు. ఆ కథలోనే పక్కన ప్రార్థన చేసే పాపి ఒక సుంకరి, పన్నులు వసూలు చేసేవాడు. మనం అడిగేది ఒక్క శుక్రవారమే, ఆయన వారానికి రెండుసార్లు ఉపవాసం. సంపాదన అంతటిలో పదోవంతు, రసీదుతో సహా. శాలువా కప్పుతారు, మెమెంటో ఇస్తారు, పాస్టరు అయ్యగారి పక్కన కుర్చీ వేస్తారు. చేతికి మైకు రాగానే, ‘ఆ సుంకరిలా లేనందుకు ప్రభువుకు స్తోత్రం’ అని సాక్ష్యం చెబుతాడు. హాలంతా హల్లెలూయా. ఆ సుంకరేమో వెనక చెప్పుల దగ్గర నిలబడి, తలెత్తకుండా రొమ్ము కొట్టుకుంటుంటాడు. అతని గడులన్నీ ఖాళీ. వాలంటీరు ఒకాయన వెళ్లి, ‘బ్రదర్, మీరు ఆత్మీయంగా కొంచెం వీక్‌గా ఉన్నారు, మంగళవారం క్లాసుకు రండి’ అని ఫోన్ నంబరు రాసుకుంటాడు. యేసు చెప్పిన కథలో నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది ఆ సుంకరే. అప్పటికి చార్టు లేదు కాబట్టి ఏదో పొరపాటు జరిగి ఉంటుంది.

ఆత్మతో మొదలుపెట్టి ఇప్పుడు సొంత శక్తితో ముగిస్తారా అని అపొస్తలుడైన పౌలు తన ఉత్తరంలో గలతీ సంఘాలను కడిగేశాడు. ఆ మాటే ఆయన మా గ్రూపులో పెడితే అడ్మిన్ నిమిషంలో తీసేస్తాడు.

టిక్కులతో ఆగితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కొడుకును డయాలసిస్‌కు తిప్పుతున్న ఒక తల్లితో మా అయ్యగారు, ‘మీ విశ్వాసం చాలడం లేదమ్మా, ఇంకో 21 రోజులు ఉపవాసం ఉండండి’ అన్నారు. ఆసుపత్రి వరండాలో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చున్న మనిషితో! సిగ్గుండాలి. ఏమీ చేయలేనివాళ్లు కూడా పట్టుకోవడానికి మిగిలింది విశ్వాసం ఒక్కటే. దానికీ మార్కులు పెట్టి, ఫెయిల్ చేసి, ఆ బిడ్డ జబ్బు నేరాన్ని తల్లి నెత్తిన రుద్దారు.

మార్కు సువార్త 9లో జబ్బుపడ్డ కొడుకును యేసు దగ్గరకు తెచ్చుకున్న తండ్రి ఏమన్నాడు? నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి అన్నాడు. నమ్మకం కూడా పూర్తిగా లేదు పాపం. అయినా యేసు ఆ పిల్లవాణ్ణి బాగుచేశాడు, మూడు వారాలాగి రమ్మనలేదు. ఇలాంటిది ప్రార్థన వల్లే సాధ్యమని ఆయన చెప్పిన మాట ఉంది, కొన్ని ప్రతుల్లో ఉపవాసం కూడా ఉంది, నిజమే. అది చెప్పింది ఆ తండ్రికి కాదు, బాగుచేయలేక చేతులెత్తేసిన శిష్యులకు. ఆ లెక్కన పస్తుండాల్సింది మీరు, అయ్యగారూ. ఆమెను అన్నం తిననివ్వండి.