చంద్రుడి రాయికో న్యాయం, భూమి రాయికో న్యాయం

ప్రొఫెసర్ రిటైరవుతారు. గది ఖాళీ చేయాలి. పుస్తకాలను ఎవరో ఒకరు పట్టుకెళ్తారు, రాళ్ల పెట్టెలు చెత్తలోకి పోతాయి. భూరసాయన శాస్త్రంలో ఇదేమీ కొత్త కాదు. అది మామూలైపోవడమే మా ఆందోళన.

అగ్నిపర్వత శిలల మూలాలను ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు, చెబుతాయి. రుబీడియం-87 నెమ్మదిగా స్ట్రాన్షియం-87గా మారుతుంది. అందుకే స్ట్రాన్షియం 87, 86ల నిష్పత్తిని బట్టి లావా ఎక్కడిదో పసిగడతారు. సముద్రగర్భ పర్వతశ్రేణుల బసాల్టు అనే లావా రాతిలో అది 0.703 దరిదాపుల్లో ఉంటుంది. ఖండాల రాళ్లలో ఇంకా ఎక్కువ. పసిఫిక్ దీవులైన సమోవా దగ్గర సముద్రం అడుగు నుంచి లాగిన కొన్ని రాళ్లలో 0.720 దాటింది. ఎప్పుడో ఖండం నుంచి కొట్టుకుపోయిన మట్టి భూమి లోపలికి జారి, లావాలో కలిసి పైకొచ్చిందని 2007లో తేల్చింది ఆ అంకెలే.

అంకె అంత పక్కా. మరి రాయి? కొంత పొడి చేసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగించేస్తారు. మిగిలిన ముక్క మీద వెలిసిపోయిన నంబరు, పక్కన 'దీవి ఉత్తరపు ఒడ్డు' అని ఓ చీటీ. ఏ లావా ప్రవాహం, ఎవరు ఏరారు? ఉండదు. కోట్ల ఏళ్ల వెనకటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారికి, ఆ రాయి తమ బల్ల మీదికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు!

చోటు లేదంటారు, ఖర్చంటారు. నిజమే కావచ్చు. మళ్లీ ఏరుకోవచ్చనీ అంటారు. ఎక్కడ ఏరుతారు? 2018లో హవాయిలోని కిలావెయా అగ్నిపర్వతం పాత లావా మీద కొత్త లావా పరిచేసింది. 2017లో హవాయి, సమోవా లావాల్లో టంగ్‌స్టన్-182 అనే మరో ఐసోటోపు తేడాలు బయటపడ్డాయి. భూమి పుట్టిన తొలి కొద్ది కోట్ల ఏళ్ల గుర్తులవి. 1960లలో స్ట్రాన్షియం కొలిచినవారికి ఆ ఊహే లేదు. రాయి ఉంటేనే కదా, కొత్త ప్రశ్న అడిగేది?

దాచడం చేతకాక కాదు. 1972లో అపోలో 17 చంద్రుడి నుంచి తెచ్చిన ఒక నమూనా గొట్టాన్ని సీలు విప్పకుండా ఉంచి, 2022లో తెరిచారు. చంద్రుడి రాయికి 50 ఏళ్ల కాపలా, భూమి రాయికి చెత్తబుట్టా? నమూనాలకు అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఇచ్చే పద్ధతి ఎప్పుడో వచ్చింది. రాయి ఎక్కడుందో చెప్పని పరిశోధనా పత్రాన్ని జర్నళ్లు తిప్పి పంపాలి. ఐదో దశాంశం దగ్గర తేడా వస్తే పోట్లాడుకునే పెద్దలకు, పెట్టె మీద సరైన చీటీ అంటించడం అంత బరువైందా?