సాగు మీది, దిగుబడి మాది

మందార మొక్కని ఎలా పెంచాలో చెప్పేవాళ్ళకి మన దగ్గర కొదవలేదు. ఎర్రమట్టిలో పశువుల ఎరువు ఎంత కలపాలి, అరటి తొక్కలు ఎన్నాళ్ళు నానబెట్టాలి, అన్నీ విసుగు లేకుండా చెబుతారు. కానీ పెరిగాక ఆ మొక్క ఎవరిది అనే మౌలికమైన ప్రశ్నని మాత్రం ఎవరూ లేవనెత్తరు. అందరూ దాటేసిన ఆ సంగతిని ఇక్కడ నిష్పక్షపాతంగా పరిశీలిద్దాం.

స్థూలంగా చూస్తే మందారం ఒక ఉమ్మడి వ్యవసాయం. సాగు ఇంటివారిది. దిగుబడి, తెల్లారకముందే చేతిలో కవరుతో వాకింగ్‌కి బయల్దేరేవారిది. పనుల పంపకం ఇంత స్పష్టంగా ఉన్న రంగం ఇంకొకటి కనబడదు.

ముందు ఇంటివారి వాటా చూద్దాం. కడియం నుంచి లారీ ఎక్కి వచ్చిన మొక్కని నర్సరీలో బేరమాడి తెచ్చుకోవాలి. రోజుకి ఐదారు గంటలు ఎండ తగిలే చోటు చూడాలి. కుండీ అయితే అడుగున చిల్లు ఉందో లేదో తడిమి చూసుకోవాలి, లేదంటే నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళి ఆకులు పసుపెక్కుతాయి. యూరియా మీద ప్రేమని అదుపులో పెట్టుకోవాలి, నత్రజని ఎక్కువైతే మొక్క ఏపుగా ఆకులు వేసి పూల సంగతి మర్చిపోతుంది. ఇక చీమలు కొమ్మల మీదికి బారులు కట్టాయంటే చిగుళ్ళలో పిండినల్లి కాపురం పెట్టిందేమో చూడాలి. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, కొత్త కొమ్మలకి మోసుకెళ్ళి మరీ దింపుతాయి. దానికి విరుగుడుగా లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగు కూడా తడిసేలా కొట్టాలి. వారం తిరిగేసరికి మళ్ళీ కొట్టాలి.

కోసేవారి వాటాలో ఉన్నది ఒకటే పని. పొద్దున్నే లేవాలి.

అది మాత్రం తేలికా? మందారం పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోయే పువ్వు. చాలా రకాలకి ఆయుష్షు ఒక్క రోజే. ఐదున్నరకి వెళ్తే పక్కవీధి ఆవిడ ముందే వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. ఈ టెన్షన్ పడలేక కొందరు దూరదృష్టి గలవారు ముందురోజు సాయంత్రమే మొగ్గలు కోస్తున్నారు. మర్నాడు విచ్చుకోవాల్సిన మొగ్గ ముందురోజే కోసినా, నీళ్ళలో వేయకపోయినా, వేళకి విచ్చుకుంటుంది. మొక్క పెంచని మనిషికి ఇంత వృక్షశాస్త్రం తెలియడం మన ప్రాంతం గొప్పదనం.

పాపం ఇంటావిడ ఏమో ఫోన్లో ఫోటో తీసుకుని నర్సరీకి పరిగెడుతుంది, ‘మొగ్గలు నిలబడటం లేదండీ’ అని. ఆయన తామర పురుగు అంటాడు, నీటి ఎద్దడి అంటాడు, ఒక మందు సీసా అంటగడతాడు. ఆ రెండింటి వల్లా మొగ్గలు రాలడం నిజమే. అయితే రాలిన మొగ్గ కుండీ కిందే పడి ఉంటుంది. కొమ్మ మీదా లేక, నేల మీదా లేదంటే అది తామర పురుగు పని కాదు. తామర పురుగు కవరు తెచ్చుకోదు.

కోసేవారు మొక్కకి ఏమీ చేయరన్నది కూడా అపవాదు. మందారం కొత్త చిగుళ్ళకే పూస్తుంది కాబట్టి అప్పుడప్పుడూ కొమ్మలు కత్తిరించాలి. పదునైన కత్తెరతో, కణుపుకి కాస్త పైన. ఈ సేవని వారు ప్రహరీ గోడ అవతలి నుంచి దోటితో, పైసా తీసుకోకుండా చేస్తున్నారు. బెరడు జానెడు మేర చీలి వస్తుందనే చిన్న లోపం తప్పిస్తే వంక పెట్టడానికి లేదు.

పట్టుబడితే చెప్పే మాట అందరికీ తెలిసిందే: ‘దేవుడికే కదమ్మా, నాలుగు పూలేగా.’ ఎర్ర మందారం అమ్మవారికీ వినాయకుడికీ ప్రీతి, కాదనం. మరి ఆకులెందుకు పోతున్నాయి? వినాయక చవితి పత్రి 21 రకాల్లో మందారం లేదు. విచారిస్తే తేలిందేమిటంటే, మందారాకు రుబ్బి కుంకుడు రసంలో కలిపితే జుట్టు మెత్తబడుతుందట. పువ్వు దేవుడి తలమీదికి, ఆకు భక్తుల తలమీదికి. పంపకంలో పక్షపాతం లేదు.

ఇక చట్టం. మొక్క నేలకి అంటుకుని ఉన్నంతసేపూ అది దొంగిలించగల వస్తువు కాదు. నేలనుంచి వేరుపడ్డ క్షణం అవుతుంది. తెంపడంతోనే పట్టుకుపోయినా దొంగతనమే అవుతుంది. 1860 నాటి శిక్షాస్మృతిలో 378వ సెక్షన్ ఈ మాటే అంది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షనూ ఇదే అంటోంది. ‘దేవుడికే కదా’ అన్న మినహాయింపు రెండింట్లోనూ కనపడదు. పైగా కొత్త చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. సొత్తు విలువ 5,000 రూపాయల లోపుండి, మొదటిసారి దోషిగా తేలినవారు ఆ వస్తువునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. మందార పువ్వుని తిరిగి ఇవ్వడం ఎలాగూ కుదరదు, కేసు పిలిచే వేళకి సాక్ష్యం ముడుచుకుపోతుంది. కాబట్టి రూపాయో రెండో కట్టించుకుని, దోషిని మే నెలంతా రెండు పూటలా అదే మొక్కకి నీళ్ళు పొయ్యమనాలని మా సవినయ ప్రతిపాదన. వేపనూనె ఖర్చు ప్రభుత్వం భరించాలి.

నిజానికి ఇంత దూరం వెళ్ళక్కర్లేదు. పెన్సిలంత లావు కొమ్మ జానెడు కోసి వానాకాలంలో మట్టిలో గుచ్చితే మందారం వేరు పట్టేస్తుంది. మా వీధిలో ఒకావిడ అలాంటి కొమ్మలు ఓ కట్ట కట్టి, కోసేవారి సౌకర్యం కోసం గేటుకి వేలాడదీశారు. పూలన్నీ పోయాయి, కట్ట అలాగే ఉంది. చివరికి ఒక పెద్దాయన్ని ఆపి, ‘బాబాయిగారూ, ఒకటి పట్టుకెళ్ళి నాటుకోండి’ అన్నారు.

ఆయన కవరు ముడి వేసుకుంటూ, ‘మాది కార్నర్ ఇల్లమ్మా, వచ్చేపోయే జనం ఒక్క పువ్వు ఉంచరు’ అన్నారు.