రోజుకి 15 నిమిషాల యాప్‌తో 6 నెలల్లో బి1 రాదు

జర్మనీ వెళ్లాలనుకునే నర్సింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సాయంత్రాలు నా దగ్గర జర్మన్ నేర్చుకునేవాళ్లే దాన్ని నాకు ఎన్నోసార్లు పంపారు. అందులో ఉన్నది ఇదీ. భాషలు నేర్పే డ్యుయోలింగో యాప్‌లో రోజుకి 15 నిమిషాలు చేస్తే 6 నెలల్లో జర్మన్‌లో బి1 (భాష ఎంత వచ్చో చెప్పే ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లలో మూడోది) వచ్చేస్తుందట. చిన్నపిల్లలు గ్రామర్ లేకుండానే మాటలు నేర్చుకుంటారు కాబట్టి మనకూ గ్రామర్ అక్కర్లేదట. యూనివర్సిటీల ఆన్‌లైన్ కోర్సులు టైమ్ వేస్ట్, వాటితో మాట్లాడటం రాదట. చివర్లో యాప్ సర్టిఫికెట్ చూపిస్తే చాలట. ఉద్యోగం మానేసి, ఇంట్లో అప్పు చేయించి మరీ ఈ ప్రయత్నంలో ఉన్న పిల్లలు ఇది నమ్మితే ఒక ఏడాది చేజారిపోతుంది. అందుకే జవాబు రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. రోజుకి 15 నిమిషాల చొప్పున 180 రోజులకి 2,700 నిమిషాలు, అంటే 45 గంటలు. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే జర్మనీ సంస్థ గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 45 నిమిషాల పీరియడ్లలో లెక్క చెబుతారు. ఆ లెక్కన మీ 6 నెలల కష్టం 60 పీరియడ్లు. బి1 చేరడానికి వాళ్లు చెప్పే అంచనా 350 నుంచి 650. అన్నిటికంటే కింది మెట్టు ఎ1కే 80 నుంచి 200 కావాలంటారు. అంటే ఈ మెసేజ్ ప్రకారం నడిస్తే 6 నెలలకి ఎ1 కూడా అందదు. తక్కువలో తక్కువ 350 పట్టుకున్నా దాదాపు 3 ఏళ్లు పడుతుంది. నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా అడిగేది బి2. అది ఇంకా పైమాట.

ఇక చిన్నపిల్లల పోలిక. చంటిబిడ్డ చుట్టూ అమ్మ, నానమ్మ, పక్కింటివాళ్లు పొద్దున్నించి రాత్రిదాకా మాట్లాడుతూనే ఉంటారు. బిడ్డ ఏది పలికినా అప్పటికప్పుడు బదులు పలుకుతారు. మీకు ఉన్నది పావుగంట, చేతిలో ఫోను. గ్రామర్ అనేది ఆ లోటు పూడ్చే దగ్గరిదారి. ఒక ఉదాహరణ చెప్తాను. ‘నాకు జబ్బుగా ఉంది’ అనడానికి జర్మన్‌లో ‘ఇష్ బిన్ క్రాంక్’ అంటారు. ముందు ‘ఎందుకంటే’ అనే అర్థంలో ‘వైల్’ చేరిస్తే క్రియ చివరికి పోతుంది: ‘వైల్ ఇష్ క్రాంక్ బిన్’. మన పిల్లలు ఇంగ్లీష్ అలవాటుతో ‘బిన్’ని మధ్యలోనే ఉంచేస్తారు. తెలుగులో కూడా క్రియ చివరే కదమ్మా, ఇక్కడ తెలుగు లాగే అనుకో అంటే రెండు నిమిషాల్లో పట్టుకుంటారు. ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు లేక నెలల తరబడి అదే తప్పు చేసినవాళ్లని చూశాను.

మాట్లాడటం దగ్గరే నాకు బాగా బాధ కలిగింది. ఒకమ్మాయి వచ్చింది. ఏదో యాప్‌లో 400 రోజులు దాటిన స్ట్రీక్, ఒక్క రోజు తప్పలేదు. రైలు లేటయింది, వార్డుకి ఫోన్ చేసి అరగంట ఆలస్యం అవుతుందని చెప్పు అన్నాను. రైలుకి ‘ట్సూగ్’ అని తెలుసు, ఆలస్యానికి ‘ష్పేట్’ అని తెలుసు. కానీ వాక్యం మాత్రం రాలేదు. కాసేపటికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “ఫోన్‌లో అయితే అన్నీ వచ్చేవి మేడమ్” అంది. తప్పు ఆ పిల్లది కాదు. తెర మీద కనిపించే పదాల్లోంచి ఏరుకోవడం వేరు, ఏమీ లేనిచోట నోట్లోంచి వాక్యం పుట్టించడం వేరు. గోథే బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ విడివిడిగా ఉంటాయి. ఒక్కోదానిలో 100కి 60 రావాలి. మాట్లాడే భాగంలో ఎదుటి అభ్యర్థితో కలిసి ఒక పని ప్లాన్ చేయాలి, ఒక విషయం మీద మాట్లాడాలి, అడిగిన ప్రశ్నలకి జవాబివ్వాలి. అక్కడ ఏరుకోవడానికి పదాలు ఎవరూ పెట్టరు.

యూనివర్సిటీ కోర్సుల మీద మెసేజ్ అన్నదాంట్లో సగం నిజం ఉంది, ఒప్పుకోవాలి. ఐఐటీల వంటి సంస్థల ఆన్‌లైన్ కోర్సులు ఉండే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ మద్రాస్ వాళ్ల జర్మన్ కోర్సు ఉంది. వీడియోలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకి మాత్రం ఫీజు ఉంటుంది. అసైన్‌మెంట్లకి 25 మార్కులు, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75. పాఠం ఇంగ్లీషులో నడుస్తుంది, మీ నోటి మాట వినేవాళ్లు ఉండరు, మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. అయినా టైమ్ వేస్ట్ మాత్రం కాదు. ఏది ఎందుకు అలా మారుతుందో వరుసగా చెప్పే టీచర్ అక్కడ ఉన్నారు, వారం వారం గడువు ఉంటుంది. మాట్లాడటం నేర్పదన్న ఫిర్యాదు యాప్‌కీ వర్తిస్తుంది కదా!

సర్టిఫికెట్ సంగతిలో రెండు వేర్వేరు విషయాలు కలిపేశారు. డ్యుయోలింగో ఇంగ్లీష్ టెస్ట్ అని ఒక పరీక్ష ఉంది, విదేశాల్లో చాలా యూనివర్సిటీలు దాన్ని తీసుకుంటాయి. అది ఇంగ్లీష్ పరీక్ష. యాప్‌లో జర్మన్ పాఠాలు పూర్తిచేయడానికీ దానికీ సంబంధం లేదు. జర్మన్ వచ్చని చూపించాల్సిన చోట అడిగేది గోథే, టెల్క్ లాంటి గుర్తింపు ఉన్న పరీక్ష సర్టిఫికెట్. భర్త దగ్గరికి వెళ్లే భార్యకి ఎ1 అడిగినా అంతే. ఆ మాటకొస్తే అక్కడ ఎన్‌పీటీఈఎల్ కాగితం కూడా పనికిరాదు.

యాప్ తీసేయమని నేను ఎవరికీ చెప్పను. జర్మన్‌లో చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం: ‘డేర్ లోఫెల్, డీ గాబెల్, దస్ మెస్సర్’. ఇలాంటివి వందల కొద్దీ బట్టీ పట్టాలి, దానికి యాప్ కంటే ఓపికైనది లేదు. నైట్ డ్యూటీ చేసి అలసిపోయిన పిల్ల కూడా పది నిమిషాలు తెరుస్తుంది. ఆ అలవాటు విలువైనదే.

ఆ రైలు అమ్మాయి స్ట్రీక్ వదల్లేదు. బస్సులో యాప్, ఆదివారం ఐఐటీ వీడియోలు రెండు. రోజూ రాత్రి 9 గంటలకి తన బ్యాచ్‌మేట్‌కి ఫోన్ చేసి అరగంట జర్మన్‌లోనే మాట్లాడుతుంది. మొదటి వారం ఇద్దరూ ఎక్కువసేపు మౌనంగానే ఉండేవారట. మొన్న మాత్రం నేను అడక్కుండానే నాకే ఫోన్ చేసి, బస్సు లేటు, క్లాసుకి పది నిమిషాలు ఆలస్యంగా వస్తానని జర్మన్‌లో చెప్పింది. ‘వైల్’ వాడింది. క్రియ చివరే పెట్టింది.