అడిగి తీస్తే ఫోటో చెడిపోదు

కొత్త ఊరికి వెళ్తే నేను ముందు వెతికేది అక్కడి బజారునే. కోటలూ మ్యూజియంలూ తర్వాత. ఊరు ఏ వేళకి లేస్తుందో, ఏం కొంటుందో, ఎలా బేరమాడుతుందో తెలిసేది అక్కడే. నా ఫోటోల్లో సగానికి పైగా బజారువే. ఆ ఇష్టంతోనే చెబుతున్నాను: కెమెరా పట్టుకుని బజార్లోకి దిగినప్పుడు మనలో చాలామంది ప్రవర్తించే తీరు ఏమాత్రం బాగోలేదు.

రద్దీ వేళలో ఏదైనా బండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. అమ్మే మనిషి ఒక చేత్తో కాటాలో సరుకు సర్దుతూ, ఇంకో చేత్తో చిల్లర అందిస్తూ, వెనకనుంచి ధర అడిగినవాళ్ళకి కళ్ళతోనే జవాబు చెబుతుంటాడు. సరిగ్గా అప్పుడే వీపున బ్యాగు, చేతిలో పెద్ద లెన్సుతో ఒకాయన వచ్చి బండికి ఎదురుగా మోకాలి మీద కూర్చుంటాడు. సరుకు చూద్దామని వచ్చినావిడ ఫోటోలో పడతానేమోనని ఆగిపోతుంది. కాసేపు చూసి పక్క బండికి వెళ్ళిపోతుంది. ఈయనకి ఫోటో దొరికింది. ఆ మనిషికి ఒక బేరం పోయింది. పోయిన సంగతి ఈయనకి తెలియను కూడా తెలియదు.

ఒక్కరు చేస్తే చిన్న విషయమే. వందలమంది రోజూ చేస్తే మార్కెట్టే నడవదు. బార్సిలోనాలోని బొకేరియా మార్కెట్లో రోజువారీ సరుకులు కొనుక్కునేవాళ్ళకి నడిచే దారి లేకుండా పోవడంతో, 2015లో శుక్ర, శనివారాల రద్దీ వేళల్లో 15 మందికి మించిన పర్యాటక బృందాలను లోపలికి రానివ్వకుండా కట్టడి చేశారు. టోక్యోలోని సుకిజీ చేపల మార్కెట్లో ట్యూనా వేలం పాటకి సందర్శకుల తాకిడి, ఫ్లాషుల గొడవ ఎక్కువై 2008 చివర్లో కొన్నాళ్ళు వాళ్ళని పూర్తిగా ఆపేశారు. ఎంత రేటుకి పాడాలో రెప్పపాటులో తేల్చుకోవాల్సిన మనిషి కళ్ళల్లో ఫ్లాష్ కొడితే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబు ఒకటుంది. "అడిగితే సహజత్వం పోతుంది, పోజు పెడతారు" అని. నాకు ఇది సాకులాగే కనిపిస్తుంది. 1900 ప్రాంతంలో పారిస్ వీధుల్లో చిరువ్యాపారుల ఫోటోలు తీసిన యూజెన్ అట్జేనే చూడండి. ఆయనది స్టాండు మీద నిలబెట్టే పెద్ద కెమెరా, గాజు ప్లేట్లు. దొంగచాటుగా తీయడం కుదిరే పని కాదు. లాంప్‌షేడ్లు అమ్మేవాడైనా, బుట్టలు అమ్మేవాడైనా సరుకు భుజాన వేసుకుని ఆయన ముందు కదలకుండా నిలబడాల్సిందే. అంటే ముందు మాట్లాడాలి, ఒప్పించాలి. ఆ ముఖాల్లో సహజత్వం లేదని ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. 1925లో లైకా లాంటి చిన్న కెమెరాలు మార్కెట్లోకి వచ్చాకే చడీచప్పుడు లేకుండా తీసే పద్ధతి ఊపందుకుంది. హెన్రీ కార్టియే బ్రెస్సాన్ తన లైకా మెరవకుండా నల్ల టేపు అంటించుకున్నాడు. ఆయన గొప్ప ఫోటోగ్రాఫరే, కాదనను. కానీ ఆయన్ని చూసి మనం నేర్చుకున్నది టేపు అంటించడం ఒక్కటే. గంటల తరబడి ఓపిగ్గా కాచుకోవడం నేర్చుకోలేదు.

నేను చూసినంతవరకు జరిగేది ఇది. అడిగితే మొదట బిగుసుకుపోతారు, నిజమే. చొక్కా సర్దుకుంటారు, జుట్టు దువ్వుకుంటారు. ముందు అలాగే ఒక ఫోటో తీయండి, అది వాళ్ళకోసం. తర్వాత దారికి అడ్డం లేకుండా పక్కకి జరిగి నిలబడండి. ఈలోగా ఎవరో కొనడానికి వస్తారు, బేరం మొదలవుతుంది, మీరున్న సంగతే మర్చిపోతారు. మీరు కోరుకున్న సహజత్వం అప్పుడు వస్తుంది, అదీ వాళ్ళ అనుమతితో. కాకపోతే టైం పడుతుంది. దూరంనుంచి జూమ్ లెన్సుతో లాగేసేవాళ్ళకి లేనిది ఆ టైమే. భాష రాకపోయినా ఇబ్బంది లేదు. కెమెరా చూపించి కనుబొమ్మలెగరేస్తే ఎక్కడైనా అర్థమవుతుంది. చెయ్యి అడ్డం పెడితే వద్దని. ఇంకోసారి అడగకండి. డబ్బు చూపించి ఒప్పించాలనీ చూడకండి.

"బహిరంగ ప్రదేశమే కదా, చట్టం ఒప్పుకుంటుంది కదా" అనేవాళ్ళూ ఉన్నారు. అది మీరున్న దేశాన్ని బట్టి ఉంటుంది. టైమ్స్ స్క్వేర్‌లో నడిచిపోతున్నవాళ్ళకి తెలియకుండా ఫోటోలు తీసి ప్రదర్శనకి పెట్టిన ఫిలిప్-లోర్కా డికోర్సియా మీద కేసు వేస్తే, 2006లో న్యూయార్క్ కోర్టు అది కళ అంటూ కొట్టేసింది. జర్మనీలో మాత్రం కొన్ని మినహాయింపులు తప్ప, మనిషి అనుమతి లేకుండా అతని ఫోటో ప్రచురించకూడదని 1907 నుంచే చట్టం ఉంది. బయల్దేరే ముందు ఆ దేశం రూలేమిటో చూసుకోండి.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఫోటో తీయడం కాదు, తర్వాత పోస్టు చేసే పద్ధతి. రంగులన్నీ తీసేసి బ్లాక్ అండ్ వైట్ చేసి, కింద "పేదరికంలోనూ చెరగని చిరునవ్వు" అని రాస్తారు. ఆయన పేదవాడని మీకెవరు చెప్పారు? పేరడిగారా? వ్యాపారం ఎలా ఉందని అడిగారా? పాత చొక్కాతో పనిలో ఉన్నాడు, అంతే. మూటలు మోసేటప్పుడు ఎవరైనా పాత చొక్కానే వేసుకుంటారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. లైసెన్సు లేకుండా రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్ళు ప్రపంచంలో ఎన్నో నగరాల్లో ఉన్నారు. ముఖం స్పష్టంగా, వెనక వీధి బోర్డు కనిపిస్తూ, పైగా లొకేషన్ ట్యాగ్‌తో పెట్టిన ఫోటో వాళ్ళని పట్టించడానికి సరిపోతుంది. అలాంటి చోట ముఖం బదులు చేతుల ఫోటో తీయండి, తక్కెడ తీయండి, పేర్చిన సరుకు తీయండి. ముఖం లేకపోయినా అది బజారు ఫోటోనే.

తీసిన ఫోటో అక్కడికక్కడే స్క్రీన్ మీద చూపించడం కనీస మర్యాద. 1984లో పాకిస్తాన్ శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకర్రీ తీసిన ఆకుపచ్చ కళ్ళ అఫ్గాన్ అమ్మాయి ఫోటో మరుసటి ఏడాది పత్రిక ముఖచిత్రంగా లోకమంతా తిరిగింది. ఆ అమ్మాయి, షర్బత్ గులా, తన ఫోటోని తాను చూసుకున్నది 2002లో. అప్పటిదాకా ఆమె పేరు కూడా ఎవరికీ తెలియదు. ఇవాళ మన ఫోన్లో ఫోటో పంపడానికి నిమిషం చాలు. చాలామంది వ్యాపారులు వాళ్ళంతట వాళ్ళే నంబరు ఇస్తారు, పంపమని అడుగుతారు. తలూపి, నంబరు సేవ్ చేసుకుని, హోటల్‌కి వెళ్ళాక మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. బండి దగ్గరున్నప్పుడే పంపేయండి. వాళ్ళ ఫోన్ మోగాకే అక్కణ్నుంచి కదలండి.