పచ్చగానే ఉంది కదా!

చిన్న కుండీలో మరుగుజ్జుగా పెంచే జునిపర్ బోన్సాయ్ అంత విశ్వాసం లేని చెట్టు లోకంలో మరొకటి లేదని సగౌరవంగా మనవి చేసుకుంటున్నాను.

న్యూజెర్సీలో చలి మొదలవగానే తెలుగువాళ్లం చేసే మొదటి పని తులసి కుండీని, కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చుకోవడం. కోటు కొనుక్కోవడం ఆ తర్వాత. పోయిన దీపావళికి కొన్న జునిపర్‌కీ అదే మర్యాద చేశాను. అమ్మేటాయన్ని "ఇంట్లో పెట్టుకోవచ్చా?" అని అడిగితే "టీవీ పక్కన చాలా అందంగా ఉంటుంది" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. అందంగానే ఉంది.

హీటర్ వేశాం. అమ్మ వీడియో కాల్‌లో చూసి, "చెట్టన్నాక ఎండ తగలాలి కదరా?" అంది. "ఇది జపాన్ చెట్టమ్మా, నీకు తెలీదు" అన్నాను. జపాన్‌లో దీని పూర్వీకులు సముద్రపు ఒడ్డున, గాలికీ ఎండకీ రాళ్ల మీద పాకేవారట. అలాంటి వంశానికి సోఫా పక్కన చోటిస్తే ఎవరైనా పొంగిపోవాలి. ఇది మాత్రం చలికాలం చలిలోనే నిద్రపోతానంటుంది.

ఇక నీళ్లు. రోజూ పొద్దున కాఫీ టైముకి ఠంచనుగా గ్లాసుడు పోశాను. కుండీలో పైన ముద్దుగా పేర్చిన గులకరాళ్లు నిజానికి జిగురుతో అంటించినవి. నీళ్లు వాటి మీద జారి, అంచు దాటి, టీవీ స్టాండులోకి వెళ్లేవి. ఒకరోజు అనుమానమొచ్చి స్క్రూడ్రైవర్‌తో పెళ్లగిస్తే, రాళ్లు అప్పచ్చిలా ఒకే పెచ్చుగా లేచొచ్చాయి. కింద మట్టి నశ్యంలా ఉంది. వేలు గుచ్చి, పైమట్టి కాస్త ఆరిందనిపిస్తేనే, అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోయాలట. నీళ్లు పోయడం నేర్చుకోడానికే మూడేళ్లు పడుతుందని జపాన్‌లో సామెత. మనకి మూడేళ్లలో డిగ్రీ పట్టా ఇచ్చేస్తారు.

ఇదంతా క్షమించొచ్చు. చచ్చిపోయి కూడా చెప్పకపోవడం మాత్రం క్షమించరానిది. తులసికి ఒక్క పూట నీళ్లు తప్పితే తల వాల్చేసి, ఇంటిల్లిపాదికీ తెలిసేలా అలుగుతుంది. జునిపర్ ప్రాణం పోయాక కూడా వారాల తరబడి పచ్చగానే నిలబడుతుంది. సంక్రాంతికి భోజనానికొచ్చిన ఫ్రెండ్స్ "భలే పచ్చగా ఉందే, ఏం ఎరువేస్తావు?" అని అడిగారు. నేను కూడా కాస్త బెట్టు చేసి, చివరికి చెప్పాను. మర్నాడు గోటితో బెరడు గీరి చూస్తే లోపల గోధుమరంగు. అంటే ముందురోజు మేమంతా శవం ముందు కూర్చుని పులిహోర తిన్నామన్నమాట.

ఇప్పుడు రెండోది కొన్నాను. అది బాల్కనీలో, మంచులో, హాయిగా ఉంది. కుండీ చిన్నది కాబట్టి వేళ్లు గడ్డకట్టకుండా చుట్టూ ఎండుటాకులు కప్పాను. అమ్మ మళ్లీ వీడియోలో చూసి, "పసిదాన్ని బయటికి గెంటేశావేంట్రా!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

మొదటిది టీవీ పక్కనే ఉంది. బోన్సాయ్‌లో ఎండిన కొమ్మకి బెరడు ఒలిచి, తెల్లగా ఉంచి, దాన్ని "జిన్" అని పిలుచుకుని మురిసిపోతారు. వాళ్ల దగ్గర ఒకటో రెండో కొమ్మలు జిన్. నా దగ్గర చెట్టు చెట్టంతా జిన్.