చెవి కారుతోందంటే, ఎంత లోతు మునిగావని అడగాలి

కర్నూలు దగ్గర తుంగభద్ర ఒడ్డున గజ ఈతగాళ్లలో ఒకరిని దగ్గరి నుంచి చూశాను. ముందురోజు సాయంత్రం స్నానానికి దిగిన కుర్రాడు మడుగులో గల్లంతైతే, పోలీసులు ఈయనకు కబురు పెట్టారు. నడుముకు తాడు కట్టించుకున్నారు, గబగబా పది పదిహేనుసార్లు ఊపిరి పీల్చి వదిలారు, మునిగారు. నాలుగోసారి పైకి వచ్చినప్పుడు కుడిచెవి నుంచి సన్నగా రక్తం కారుతోంది. తువ్వాలుతో తుడుచుకుని, "ఇది ఎప్పుడూ ఉండేదే సార్, ఆ చెవి కారతానే ఉంటాది" అన్నారు. ఆసుపత్రిలో చూపించుకున్నారా అని అడిగాను. చూపించుకున్నారట. చుక్కల మందు రాసిచ్చి, చెవిలోకి నీళ్లు పోనీయొద్దన్నారట. ఏం పని చేస్తావని గానీ, ఎంత లోతు మునుగుతావని గానీ ఎవరూ అడగలేదు.

నీటిలో 10 మీటర్లు దిగితే ఒంటి మీద పీడనం రెట్టింపవుతుంది. చెవి దెబ్బతినడానికి అంత లోతు కూడా అక్కర్లేదు, రెండు నిలువులు చాలు. చిల్లిపడిన కర్ణభేరి గుండా చల్లనీళ్లు లోపలికి వెళితే నీటి అడుగున కళ్లు తిరుగుతాయి, పైకి ఎటో కిందికి ఎటో తెలియదు. మునిగే ముందు ఆ గబగబా ఊపిరి అంతకన్నా ప్రమాదం. మనకు ఊపిరి పీల్చాలనే ఆత్రం పుట్టేది ప్రధానంగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. ముందే దాన్ని ఊదేస్తే ఆ ఆత్రం ఆలస్యంగా పుడుతుంది. ఈలోగా ఆక్సిజన్ అడుగంటి, పైకి వస్తూ వస్తూనే మనిషి స్పృహ తప్పుతాడు. ఇదంతా ఒక గంటలో చెప్పగలిగిన పాఠం. ఏళ్ల తరబడి శవాలు వెతికి పెడుతున్న మనిషికి ఆ గంట ఎవరూ ఇవ్వలేదు.

ఏరోస్పేస్ (ఆకాశయానం), డైవింగ్, హైపర్‌బారిక్ (పీడనం పెంచి చేసే వైద్యం) మెడిసిన్ అని పేర్లు మూడున్నా విషయం ఒకటే: చుట్టూ పీడనం మారితే ఒంటికి ఏమవుతుంది? మన దేశంలో ఈ చదువుకు పెద్ద దిక్కు సైన్యమే. బెంగళూరులో వైమానిక దళం వారి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ 1957లో మొదలైంది. గగన్‌యాన్ వ్యోమగాముల ఎంపిక పరీక్షలు జరిగింది అక్కడే. ముంబైలో నౌకాదళం వారి అశ్విని ఆసుపత్రి ఉంది. కర్నూలు మెడికల్ కాలేజీ కూడా దాదాపు ఆ కాలం నాటిదే. అనంతపురం నుంచి ఆ బెంగళూరు సంస్థకు దూరం 200 కిలోమీటర్ల పైచిలుకే. అయినా సీమలో చదివే హౌస్ సర్జన్‌కు ఈ విద్య ఆనవాలు కూడా అందదు.

సముద్రం లేని చోట ఇదెందుకని ఒక మిత్రుడు అడిగాడు. శ్రీశైలం డ్యామ్ కింద, గేట్ల నీళ్లు దూకే ప్లంజ్ పూల్‌లో పడిన గొయ్యి ఎంత లోతో అతనికి తెలుసు. గండికోట, మైలవరం, అవుకు రిజర్వాయర్లూ తెలుసు. కడప వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉన్న ఊళ్లూ తెలుసు. వాళ్లంతా ఎక్కే విమానం క్యాబిన్‌లో గాలి పీడనం 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. అంత ఎత్తులో ఒంట్లో చిక్కుకున్న గాలి దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. రెటీనా ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ బుడగ పెట్టిన షుగర్ రోగి అది కరగకముందే విమానం ఎక్కితే చూపే పోవచ్చు. ఆ మాటకొస్తే అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కినా 2,000 అడుగులకు పైగా ఎత్తు పెరుగుతుంది. ఆపరేషన్ బాగా జరిగిందని మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేవాళ్లు మన దగ్గర ఎంతమందో! విమానం ఎక్కొచ్చని చెప్పే 'ఫిట్ టు ఫ్లై' కాగితం మీద సంతకం పెట్టే డాక్టరుకు ఇది కంఠస్థంగా ఉండాలి.

ఇక ఆక్సిజన్ ఛాంబర్లు, అంటే రోగిని లోపల మూసి, పీడనం పెంచి ఆక్సిజన్ పీల్పించే గదులు. మా మేనమామకు కాలికి షుగర్ పుండు. ఒక నగరంలో ప్రైవేటు సెంటర్ వాళ్లు నలభై సిట్టింగుల ప్యాకేజీ అంటగట్టారు. మూడో రోజు నేనే తీసుకెళ్లాను. తలకు కొబ్బరినూనె, ఒంటి మీద టెరికాటన్ చొక్కా, అలాగే లోపల పడుకోబెట్టారు. పొద్దున ఇన్సులిన్ వేసుకున్నారా, ఏమైనా తిన్నారా అని అడగలేదు. గంటన్నర తర్వాత బయటికి వచ్చేసరికి చెమటలు, చేతులు వణుకు. షుగర్ పడిపోయింది. నా బ్యాగులో చాక్లెట్ ఉండబట్టి సరిపోయింది.

ఛాంబర్‌లో డయాబెటిస్ రోగికి షుగర్ పడిపోవచ్చని ఆ రంగంలో పనిచేసేవారికి తెలియాల్సిన మొదటి సంగతుల్లో ఒకటి. నూనె, నైలాన్, ఫోన్, లైటర్ లోపలికి వెళ్లకూడదనేది అంతకన్నా ముందు సంగతి. పీడనం పెంచిన ఆక్సిజన్‌లో నిప్పురవ్వ చాలు. 1997లో మిలాన్ ఆసుపత్రి ఛాంబర్‌లో మంటలు లేచి 11 మంది చనిపోయారు. ఎక్కువ పీడనంలో ఆక్సిజనే ఫిట్స్ తెప్పించగలదని 1878లోనే పాల్ బెర్ రాశాడు. అలా ఫిట్స్ వచ్చినప్పుడు భయపడి గబుక్కున పీడనం తగ్గించకూడదు. బిగబట్టిన ఊపిరి ఉబ్బి ఊపిరితిత్తి పగులుతుంది. ముందు ఆక్సిజన్ ఆపి, కొట్టుకోవడం తగ్గేదాకా ఆగాలి. ఆ ఒక్క నిమిషం నిలబడగలిగే ధైర్యం శిక్షణతోనే వస్తుంది.

ఛాంబర్ వైద్యాన్నే కొట్టిపారేయడం లేదు. గ్యాస్ గాంగ్రీన్, కార్బన్ మోనాక్సైడ్ విషం, రేడియేషన్‌తో దెబ్బతిన్న ఎముక వంటి వాటిలో దానికి గట్టి చోటే ఉంది. షుగర్ పుండు విషయంలో మాత్రం పరిశోధనలన్నీ ఒక్క మాట చెప్పవు. కాలికి రక్తం అందుతోందో లేదో చూడకుండా, కుళ్లిన కండ తీయకుండా, ఆ పాదం మీద బరువు తగ్గించకుండా ఛాంబర్‌లోకి పంపడం డబ్బు దండగ. ఎవరికి వద్దో చెప్పగలగడమే ఈ విద్యలో సగం.

యూరప్‌లో ఈ శిక్షణను మెట్లుగా విడదీశారు. డైవర్ ఫిట్‌నెస్ చూసే డాక్టరుకు ఒకటి, డైవింగ్ ప్రమాదాలు చూసేవారికి ఒకటి, ఛాంబర్ నడిపేవారికి ఒకటి. ఆస్ట్రేలియాలో మత్తు వైద్యుల కాలేజీ దీనికి డిప్లొమా ఇస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల్లో రేపే ఎండీ సీట్లు కావాలని నేను అడగడం లేదు. మొదటి మెట్టు చాలు. క్యాజువాలిటీ, ఈఎన్‌టీ, మత్తు, కంటి విభాగాల నుంచి ఇద్దరేసి యువ డాక్టర్లను కొన్ని వారాలు బెంగళూరు, ముంబై పంపండి. వాళ్లు తిరిగొచ్చి హౌస్ సర్జన్లకు, నర్సులకు, టెక్నీషియన్లకు చెబుతారు. పెద్దాసుపత్రికి ఛాంబర్ కొనే ఆలోచన ఎప్పుడు వచ్చినా, టెండర్ కన్నా ముందు ఈ పని జరగాలి.

ఫైర్ సిబ్బందికి, గజ ఈతగాళ్లకు కూడా అదే తరగతిలో చోటు ఇవ్వండి. తుంగభద్ర ఒడ్డున కలిసిన ఆయనకు మొన్న ఫోన్ చేసి, ఇలాంటిది పెడితే వస్తారా అని అడిగాను. తప్పకుండా వస్తానన్నారు, కాకపోతే ఆ రోజు కూలి పోతుందన్నారు. ఆ కూలి కూడా శిక్షణ ఖర్చులోనే రాయాలి.